తలనొప్పే కదా అని...

చెరువుగట్టు ఒకచోట పలచబడిందంటే మా ఊరి రైతుకు నిద్రపట్టదు. మెదడులోని రక్తనాళం గోడ కూడా అలాగే పలచబడి బుడగలా ఉబ్బుతుంది. దాన్నే ఎన్యూరిజం అంటారు. పెద్దవాళ్లలో సుమారు నూటికి ముగ్గురికి ఉంటుంది. చాలామందిలో అసలు పగలదు. పగిలితే మాత్రం పిడుగు పడ్డట్టు తలనొప్పి, వాంతులు, మెడ పట్టేయడం. మనవాళ్లేమో ఎండదెబ్బ అని తేల్చేసి, అమృతాంజనం రాసి పడుకోబెడతారు. నా అభ్యంతరమంతా ఇక్కడే. మళ్లీ రక్తస్రావమయ్యే ప్రమాదం ఎక్కువగా ఉండేది మొదటి 24 గంటల్లోనే!

1937లో వాల్టర్ డాండీ పుర్రె తెరిచి బుడగ మొదట్లో క్లిప్పు పెట్టాడు. 1990 దశకంలో గుగ్లియెల్మీ పద్ధతి వచ్చింది. తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి, బుడగను ప్లాటినం తీగచుట్టలతో నింపేస్తారు. రెండు పద్ధతులకూ సరిపడే రోగులను తీసుకుని పోల్చిన ఐశాట్ ఫలితాలు 2002లో వెలువడ్డాయి. ఏడాది తిరిగేసరికి చనిపోయినవాళ్లు, పరుల మీద ఆధారపడ్డవాళ్లు కలిపి క్లిప్పు పెట్టినవాళ్లలో నూటికి 31 మంది, తీగచుట్టలవాళ్లలో 24 మంది. ఆ ఏడుగురి కోసం డాక్టర్లు వాదించుకోవలసిందే. కానీ స్కానింగు బల్ల దాకా చేరనివాడికి ఏ పద్ధతైతేనేం?

అందుకే మన ఎన్.ఎస్.ఎస్. శిబిరాల్లో రోడ్లు ఊడ్చేది కాస్త తగ్గించి ఊరివాళ్లతో మాట్లాడదాం. బి.పి. చూపించుకోమందాం, చుట్ట మానమందాం (మా నాన్న వినలేదు, మీ నాన్నలు వినొచ్చు). అలాంటి తలనొప్పి వస్తే తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేసి, సి.టి. స్కాన్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లమందాం.