వేలిముద్రకు ముందు

ఆపరేషన్‌కు ముందు మా సిస్టర్లు ఒక కాగితం తెచ్చి సంతకం పెట్టమంటారు. చదువురానివారు వేలిముద్ర వేస్తారు. "ఎక్కడ వెయ్యమంటే అక్కడ వేస్తానమ్మా, మీరు చెబితే చాలదా" అనే పెద్దవాళ్ళను మేము తరచు చూస్తుంటాము. ఆ నమ్మకం మాకు సంతోషమే. అయితే దాన్ని ఆసరా చేసుకొని కాగితం చదివి వినిపించకపోవడం తప్పని మా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే ఒక స్త్రీ సంగతి చెప్పాలి.

అమెరికాకు చెందిన హెన్రియెట్టా లాక్స్ నల్లజాతి స్త్రీ, ఐదుగురు బిడ్డల తల్లి. 1951లో రక్తస్రావంతో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి వచ్చింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని తేలింది. రేడియం చికిత్స చేసే సమయంలో కంతి నుండి చిన్న ముక్క తీసి, అక్కడి వైద్య కళాశాలలో కణాలపై పరిశోధన చేస్తున్న జార్జ్ గై ప్రయోగశాలకు పంపారు. చికిత్సకు ఒప్పుకుంటూ ఆమె సంతకం చేసింది నిజమే. ఆ ముక్క పరిశోధనకు వెళ్తుందని మాత్రం ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ రోజుల్లో అది మామూలే అంటారు. మామూలే కావచ్చు, సరైనదని మేము అనలేము.

అంతవరకు మనిషి శరీరం నుండి తీసిన కణాలు సీసాల్లో కొద్దిరోజులకే చనిపోయేవి. ఈమె కణాలు సుమారు 24 గంటలకొకసారి రెట్టింపయ్యాయి. ఆమె పేరులోని అక్షరాలతోనే వాటిని 'హీలా' అన్నారు. ఆమె అదే ఏడాది అక్టోబరు 4న, 31 ఏళ్ళకే చనిపోయింది. కణాలు నేటికీ బ్రతికే ఉన్నాయి. సాల్క్ పోలియో టీకాను పరీక్షించడానికి అవి ఉపయోగపడ్డాయి. వాటిని అమ్మి కొన్ని కంపెనీలు డబ్బు గడించాయి. ఆమె బిడ్డలకు ఈ సంగతి తెలిసింది 1973లో! అదీ పరిశోధకులు వారి రక్తం కోసం వచ్చినప్పుడు.

1980లలో జర్మనీలో హరాల్డ్ జుర్ హౌజెన్ బృందం గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్.పి.వి. వైరస్ రకాలను గుర్తించింది. వాటిలో 18వ రకం హీలా కణాలలోనూ కనిపించింది. ఆయనకు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ వైరస్‌కు టీకా కూడా వచ్చింది. అది మంచి టీకా, ఆడపిల్లలకు వేయించమనే మేము చెబుతాము.

కాని ఆ టీకా మన ఖమ్మం జిల్లాకు ఎలా వచ్చింది? 2009లో ఒక అధ్యయనం కింద వేలమంది బాలికలకు వేశారు. ఎందరో పిల్లల విషయంలో తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. కొందరు బాలికలు చనిపోవడంతో గగ్గోలు పుట్టి, 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయింది. ఆ మరణాలకు టీకా కారణమన్న ఆధారం విచారణలో దొరకలేదు. అయినా భయం మిగిలింది. నేటికీ టీకా పేరెత్తితే "ఖమ్మంలో ఏమైందో విన్నాం" అనే తల్లులున్నారు. వారిని ఎలా తప్పుపడతాము? వారినెవరూ అడగలేదు కదా.

అడుగుతూ కూర్చుంటే పరిశోధన కుంటుపడుతుందని కొందరు వైద్యులంటారు. అడగనందువల్ల కుంటుపడిన పని మన పక్కనే ఉంది మరి.

భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం పరిశోధనలో చేరే వ్యక్తికి అర్థమయ్యే భాషలో వివరించి అనుమతి తీసుకోవాలి. చదువురానివారైతే సంబంధంలేని సాక్షి ఒకరు ఉండాలి. రద్దీ రోజుల్లో "ఇక్కడ వెయ్యండి" అని మేమూ తొందరపెట్టిన సందర్భాలున్నాయి. ఇది దాచవలసిన విషయం కాదు.

కాబట్టి ఈసారి కాగితం ఇచ్చినప్పుడు చదివి వినిపించమనండి. తీసిన ముక్క ఎక్కడికి వెళ్తుందని అడగండి. సాధారణంగా అది మీ జబ్బు నిర్ధారణ కోసమే ల్యాబ్‌కు వెళ్తుంది. పరిశోధనకు కావాలంటే వేరుగా అడగాలి. మీరు వద్దన్నంత మాత్రాన వైద్యం ఆగదు. మా సిస్టర్లు విసుక్కుంటే మాకు చెప్పండి.