గుర్రపు స్వారీ చికిత్స పిల్లలకూ పెద్దలకూ అందాలి: లోయర్ ట్యాంక్ బండ్ ప్రాంతవాసుల తీర్మానం

లోయర్ ట్యాంక్ బండ్, దోమలగూడ, అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ ప్రాంతాల నివాసులు, దివ్యాంగులు, వారి తల్లిదండ్రులు, సంరక్షకులు, ఈ ప్రాంతంలో పనిచేసే ఫిజియోథెరపిస్టులు, ప్రత్యేక ఉపాధ్యాయులు కలిసి జరిపిన సర్వసభ్య సమావేశం చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించిన తీర్మానం.

పీఠిక

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉంది. అది 21 రకాల వైకల్యాలను గుర్తించింది. పునరావాస సేవలను 27వ సెక్షన్‌లోను, వినోదాన్ని 29లోను, క్రీడలను 30లోను ప్రభుత్వ బాధ్యతల్లో చేర్చింది. గుర్రపు స్వారీ చికిత్స ఈ మూడింటికీ చెందినది. కాబట్టి దీన్ని దయతో చేసే సాయంగా కాక, అడిగి పొందవలసిన సేవగా ఈ సమావేశం భావిస్తున్నది.

గుర్రం నడుస్తున్నప్పుడు దాని వీపు ముందుకూ వెనక్కూ, పైకీ కిందికీ, పక్కలకూ కదులుతుంది. ఆ కదలిక గుర్రం మీద కూర్చున్నవారి కటిభాగానికి చేరుతుంది. మనిషి సొంత కాళ్ళతో నడిచేటప్పుడు నడుము కదిలే తీరు కూడా దాదాపు ఇదే. ఎన్నడూ నడవని సెరిబ్రల్ పాల్సీ బిడ్డ ఒంటికి నడక లయ ఈ విధంగా పరిచయమవుతుంది. అడుగడుగునా ఒరిగిపోకుండా తనను తాను నిలబెట్టుకునే ప్రయత్నంలో మెడ, వెన్ను, పొట్ట కండరాలు పనిచేస్తాయి. గుర్రానికి అటూ ఇటూ కాళ్ళు వేసి కూర్చోవడంతో బిగిసిన తొడ కండరాలు సాగుతాయి. గుర్రం ఒంటి వేడి మనిషి ఒంటి వేడి కంటే కొంచెం ఎక్కువ కావడం కూడా కండరాలు సడలడానికి తోడ్పడుతుంది.

ఈ సేవలో రెండు పద్ధతులు ఉన్నాయి. మొదటిదాంట్లో ఫిజియోథెరపిస్టు, ఆక్యుపేషనల్ థెరపిస్టు లేదా స్పీచ్ థెరపిస్టు గుర్రం నడకను తన చికిత్సలో సాధనంగా వాడుకుంటారు. రెండోదాంట్లో శిక్షకుడు దివ్యాంగులకు వారి శక్తికి తగ్గట్టు స్వారీ నేర్పుతారు. పగ్గం పట్టడం, గుర్రాన్ని ఆపడం, మలుపు తిప్పడం, మాలీషు చేయడం అందులో భాగాలు. రెండూ అవసరమే. అయితే మొదటిదాన్ని థెరపిస్టు లేకుండా ఎవరూ నడపకూడదు.

ఈ చికిత్స గురించి అతిశయోక్తులు చెప్పడం ఈ సమావేశానికి ఇష్టం లేదు. ఇది వైకల్యాన్ని మాయం చేయదు. అమెరికాలో 6 నుంచి 16 ఏళ్ళ వయసున్న ఆటిజం పిల్లలు 127 మందితో 10 వారాలపాటు జరిపిన అధ్యయనం 2015లో వెలువడింది. స్వారీ చేసిన పిల్లల్లో చిరాకు, అతిచురుకుదనం తగ్గాయని, మాటలు, ఇతరులతో కలిసే తీరు మెరుగుపడ్డాయని అందులో తేలింది. సెరిబ్రల్ పాల్సీ విషయంలో జరిగిన అధ్యయనాలు చాలావరకు చిన్నవే అయినా, కూర్చునే నిలకడ మెరుగుపడుతుందన్న దిశగా చూపుతున్నాయి. రోజువారీ ఫిజియోథెరపీకి ఇది తోడుగా ఉండాలే తప్ప దాని స్థానాన్ని ఆక్రమించకూడదు.

పెద్దల విషయాన్ని ఈ సమావేశం ప్రత్యేకంగా ప్రస్తావిస్తున్నది. హక్కుల చట్టం 31వ సెక్షన్ కింద ఉచిత విద్య 18 ఏళ్ళ వరకే. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఆరోగ్య పరీక్షలు కూడా 18 ఏళ్ళ వరకే. ఆ తర్వాత మన ఇళ్ళలో ఎందరో యువతీయువకులు నాలుగు గోడల మధ్యే ఉండిపోతున్నారు. బిడ్డ బరువు పెరుగుతుంది, ఎత్తుకునే తల్లి వయసు పెరుగుతుంది, వ్యాయామం తగ్గుతుంది. భారతదేశం 2014 మార్చి 27న పోలియో రహిత దేశంగా ధ్రువీకరణ పొందింది. కానీ అంతకుముందు పోలియో సోకినవారు ఇప్పుడు నడివయసులో, వృద్ధాప్యంలో మన మధ్యనే ఉన్నారు.

పెద్దవారు స్వారీలో ఎంత దూరం వెళ్ళగలరో డెన్మార్క్‌కు చెందిన లిజ్ హార్టెల్ చూపించారు. 1944లో పోలియో సోకి ఆమె మోకాళ్ళ కింది భాగం చచ్చుబడింది. గుర్రం ఎక్కడానికీ దిగడానికీ ఆమెకు సాయం కావలసి వచ్చేది. అయినా 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మామూలు పోటీదారులతో తలపడి డ్రెసాజ్ అనే స్వారీ పోటీలో రజత పతకం గెలిచారు, 1956లో మళ్ళీ గెలిచారు. 1996 అట్లాంటా క్రీడల నుంచి పారాలింపిక్స్‌లో గుర్రపు స్వారీ ఉంది. మన వరంగల్ జిల్లా కల్లెడ బిడ్డ దీప్తి జీవాంజి బౌద్ధిక వైకల్యం ఉన్నవారి 400 మీటర్ల పరుగులో 2024 పారిస్ పారాలింపిక్స్ కాంస్యం తెచ్చారు. అవకాశం, శిక్షణ అందితే ఏమవుతుందో తెలంగాణకు వేరే రుజువు అక్కర్లేదు.

ఈ సేవకు కావలసినవి చాలావరకు మన నగరంలోనే ఉన్నాయి. బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ బౌద్ధిక దివ్యాంగుల సాధికారత సంస్థ ఉంది. శివరాంపల్లి జాతీయ పోలీసు అకాడమీలో ఐపీఎస్ శిక్షణార్థులకు స్వారీ నేర్పుతారు. నగర పోలీసులకు అశ్వదళం ఉంది. రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉంది. ఆరో నిజాం కాలం నుంచి గుర్రపు పందేలు జరిగే మలక్‌పేటలోనే వికలాంగుల సంక్షేమ భవన్ కూడా ఉంది. ఇవన్నీ ఒక పనికోసం కలిసి కూర్చోవాలన్నదే మన కోరిక.

తీర్మానాలు

పై అంశాలన్నిటినీ చర్చించిన మీదట ఈ సమావేశం కింది విధంగా తీర్మానిస్తున్నది.

1. గుర్రపు స్వారీ చికిత్సను దివ్యాంగుల పునరావాస సేవగా గుర్తించి, హైదరాబాద్‌లో ఒక ప్రయోగాత్మక కేంద్రం ప్రారంభించాలని రాష్ట్ర దివ్యాంగుల సంక్షేమ శాఖను కోరుతున్నది.

2. ఆ కేంద్రం మలక్‌పేట పరిసరాల్లో ఉండాలని సూచిస్తున్నది. చిక్కడపల్లి లేదా నారాయణగూడ స్టేషన్‌లో మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో మారితే తర్వాతి స్టేషన్ మలక్‌పేటే. చక్రాల కుర్చీతో వచ్చే కుటుంబానికి ఈ సౌకర్యం ఎంతో విలువైనది. ఇందిరా పార్కులోగాని, ఎన్టీఆర్ స్టేడియంలోగాని గుర్రాలను ఉంచాలని మనం అడగడం లేదు. వాహనాల రద్దీ, ధర్నా చౌక్ మైకుల మోత గుర్రాలకూ మంచిది కాదు, పిల్లలకూ మంచిది కాదు.

3. తొలి విడత 10 వారాలు, వారానికి ఒకసారి, 12 మందితో జరగాలి. వారిలో కనీసం 6 మంది 18 ఏళ్ళు దాటినవారై ఉండాలి. ఎంపికలో పేద కుటుంబాలకు, ఆడపిల్లలకు, మహిళలకు ప్రాధాన్యం ఇవ్వాలి.

4. వైద్యుని రాతపూర్వక అనుమతి లేనిదే ఎవరినీ గుర్రం ఎక్కించకూడదు. అదుపులో లేని మూర్ఛ, తుంటి కీలు తొలగడం, తీవ్రమైన ఎముకల బలహీనత ఉన్నవారికి స్వారీ ప్రమాదం. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో మెడలోని మొదటి రెండు వెన్నుపూసల మధ్య పట్టు సడలి ఉండవచ్చు కనుక వారికి మెడ పరీక్ష తప్పనిసరి. అనుమతి రానివారికి గుర్రాన్ని తోమడం, మేత పెట్టడం వంటి నేల మీది పనులతో కార్యక్రమం రూపొందించాలి.

5. స్వారీ చేసే ప్రతి ఒక్కరికీ హెల్మెట్ ఉండాలి. పగ్గం పట్టి నడిపించేవారు ఒకరు, అవసరాన్ని బట్టి ఇరుపక్కలా నడిచేవారు ఇద్దరు ఉండాలి. ఎక్కడానికి ర్యాంపు, 20 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల పొడవు ఉన్న ఇసుక మైదానం, నీడ, తాగునీరు, వైకల్యం ఉన్నవారు వాడగలిగే మరుగుదొడ్డి ఉండాలి. ఎండాకాలంలో పొద్దున్నే తప్ప మిగతా వేళల్లో స్వారీ ఉండకూడదు.

6. గుర్రాల ఎంపికను పశువైద్యులకే వదిలిపెట్టాలి. పందేల గుర్రాలను వేగానికి పెంచుతారు, వాటిని మళ్ళీ శిక్షణ లేకుండా ఈ పనికి వాడరాదు. బరాత్‌లకు అద్దెకిచ్చే గుర్రాలను అసలే తీసుకోరాదు. అశ్వదళం నుంచి విశ్రాంతి పొందే గుర్రాల్లో ఆరోగ్యంగా, నెమ్మదిగా ఉన్నవాటిని పరిశీలించాలి. గ్లాండర్స్ అనే అంటువ్యాధి లేదని పరీక్ష జరగాలి. స్వారీ చేసేవారి బరువు, జీను బరువు కలిపి గుర్రం బరువులో 20 శాతం మించకూడదు. అంటే 400 కిలోల గుర్రం మీద 80 కిలోలే. పెద్దల కోసం దృఢమైన గుర్రాలను ముందే ఎంచాలి. గుర్రానికి పని గంటలు, విశ్రాంతి రోజులు, వయసు మళ్ళాక పోషణ రాసిపెట్టుకోవాలి. ఒక జీవిని నొప్పించి మరొకరికి మేలు చేయడాన్ని ఈ సమావేశం అంగీకరించదు.

7. మొదటి రోజున, చివరి రోజున ప్రతి ఒక్కరి కూర్చునే నిలకడను, కదలికను, నడవడిని థెరపిస్టులు కొలిచి నమోదు చేయాలి. పేర్లు లేకుండా ఆ ఫలితాలను తెలుగులో ప్రచురించాలి. మేలు కనబడకపోతే ఆ మాట కూడా దాచకుండా చెప్పాలి.

8. నేషనల్ ట్రస్టు నిరామయ ఆరోగ్య బీమా కింద ఏడాదికి లక్ష రూపాయల వరకు రక్షణ ఉంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బౌద్ధిక వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి థెరపిస్టు పర్యవేక్షణలో జరిగే స్వారీ చికిత్స ఖర్చును కూడా అందులో చేర్చాలని కేంద్ర ప్రభుత్వాన్ని కోరుతున్నది.

9. గుర్రాలను చూసుకునే సైసులుగా, సహాయకులుగా, నమోదు సిబ్బందిగా దివ్యాంగులకు, వారి కుటుంబ సభ్యులకు శిక్షణ ఇచ్చి, జీతం చెల్లించి ఉద్యోగాలు ఇవ్వాలని కోరుతున్నది.

10. మన వంతుగా, ఈ ప్రాంతంలోని దివ్యాంగుల కుటుంబాలను ఇంటింటికీ వెళ్ళి కలిసి, వైకల్య ధ్రువీకరణ పత్రం లేనివారికి దరఖాస్తులో సాయపడి, పక్కన నడిచే స్వచ్ఛంద సేవకుల జాబితా తయారుచేయడానికి ఉపసంఘాన్ని నియమిస్తున్నది. ఉపసంఘంలో సగం మంది దివ్యాంగులై ఉండాలి. తమ గురించిన నిర్ణయం తమ నోట రావడం వారి హక్కు.

11. ఈ తీర్మానం ప్రతులను దివ్యాంగుల సంక్షేమ శాఖకు, నగర పోలీసు కమిషనర్‌కు, హైదరాబాద్ రేస్ క్లబ్‌కు, బోయిన్‌పల్లి జాతీయ సంస్థకు, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలకు, ముషీరాబాద్ శాసనసభ్యునికి పంపాలని నిర్ణయిస్తున్నది. ఉపసంఘం ఆయా కార్యాలయాలకు స్వయంగా వెళ్ళి, అందిన జవాబులను మూడు నెలల్లోగా సర్వసభ్య సమావేశం ముందుంచాలి. జవాబు రాని చోటికి మళ్ళీ వెళ్ళాలి.