కలుపు తీసే చేతిని కూడా అడగండి

పరిశోధనా సంస్థల్లో పని వాతావరణం ఎట్లున్నదని ఉద్యోగులకు ఫారాలిస్తరు. మంచిదే. కానీ ఆ ఫారం ఎవరి చేతికి అందుతున్నది?

నాగర్‌కర్నూల్ దగ్గరి పాలెం వ్యవసాయ పరిశోధనా స్థానాన్నే తీసుకోండి. దాని మీద మాకు ఫిర్యాదేం లేదు, మన జడ్చర్లోళ్లకు తెలిసిన జాగ కనుక చెప్తున్నం. ఆముదంలో క్రాంతి, హరిత రకాలు అక్కడివే. 2014లో బోర్డు మీద యూనివర్సిటీ పేరు మారి జయశంకర్ సారు పేరొచ్చింది. ఇట్లాంటి చేన్లల్ల గెలలకు సంచులు కట్టేది, కలుపు తీసేది దినసరి కూలి తల్లులే. ఫారం నింపేది మాత్రం కుర్చీల్లో కూసున్నోళ్లు.

పనిచోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం దినసరి కూలీని, కాంట్రాక్టరు పంపిన మనిషిని కూడా ఉద్యోగి అనే అన్నది. పదిమంది పనిచేసే చోట కమిటీ ఉండాలన్నది. రాయలేని ఆమె ఫిర్యాదు రాయడానికి కమిటీయే సాయపడాలన్నది. చట్టానికున్న ఈ సోయి ఫారానికెందుకు లేదు?

పేరు రాయొద్దంటే సరిపోదు. పదిమందిలో చేతిరాత ఎవరిదో మేస్త్రీకి ఎరుకే. తెల్లారి మస్టర్‌లో పేరుండదన్న భయముంటే ఎవరు నిజం చెప్తరు? కాబట్టి ఫారం తెలుగులో ఉండాలె. బయటి మనిషి వచ్చి చదివి వినిపించాలె. చెప్పిందాని మీద ఏం చేసిన్రో నెలలోపల నోటీసు బోర్డుకు అంటించాలె. అది పాలెం నుంచే మొదలుపెట్టమని యూనివర్సిటీని అడుగుతున్నం.