తొట్టిలో పోసే వెండి

స్వర్ణకారుల దుకాణాల ముందరి ధూళిని ఊడ్చుకొనిపోయి, నీటిలో కడిగి, అందులో దొరికిన లోహరేణువులతో జీవనం సాగించేవారు ఉన్నారు. చెత్తలో విలువను గుర్తించే ఆ చూపు మన కళాశాలల ప్రయోగశాలలకు ఎందుకు అలవడలేదో నాకు బోధపడదు.

లవణ విశ్లేషణలో క్లోరైడును గుర్తించే పరీక్ష విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు పరిచితమే. లవణ ద్రావణానికి సజల నత్రికామ్లాన్ని, ఆపై సిల్వర్ నైట్రేట్‌ను చేర్చగానే విరిగిన పాలవంటి తెల్లని అవక్షేపం ఏర్పడుతుంది. ఫలితాన్ని పుస్తకంలో వ్రాసుకొన్న మరుక్షణమే విద్యార్థి పరీక్షనాళికను తొట్టిలో వంచుతాడు. అలా పారబోసిన సిల్వర్ క్లోరైడు బరువులో దాదాపు నాలుగింట మూడు వంతులు వెండియే!

“ఒక్క నాళికలో ఉండేది ఎంత?” అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. డెసిమోలార్ ద్రావణం ఒక మిల్లీలీటరులో ఉండే వెండి సుమారు 11 మిల్లీగ్రాములు మాత్రమే. కాని అటువంటి ద్రావణం ఒక లీటరు ఖర్చయ్యేసరికి 10.8 గ్రాముల వెండి, అనగా ఒక జత మట్టెలకు చాలినంత, కాలువపాలవుతుంది. నష్టం ధనానికే పరిమితమైతే నేనింతగా చెప్పేవాడిని కాను. నీటిలో కరిగిన వెండి అయాన్లు చేపలకూ, సూక్ష్మజీవులకూ విషతుల్యాలు.

తిరిగి రాబట్టడం దుస్సాధ్యం కాదు. తొట్టి ప్రక్కన ఒక సీసా ఉంచి, అవక్షేపాలను అందులో పోయించాలి. కొంత చేరిన తరువాత నీటితో కడిగి, సజల గంధకామ్లంలో జింకు ముక్కలతో కలిపి ఉంచితే, జింకు క్లోరిన్‌ను తాను గ్రహించి వెండిని బూడిదరంగు పొడిగా విడిచిపెడుతుంది. జింకు ఖర్చవుతుంది, నిజమే. వెండితో పోల్చితే దాని వెల అత్యల్పం. ఆ పొడిని నత్రికామ్లంలో కరిగిస్తే మరల సిల్వర్ నైట్రేటే లభిస్తుంది. అప్పుడు వెలువడే గోధుమవర్ణపు వాయువు హానికరం కనుక ఈ చివరి పని అధ్యాపకులే, పొగ వెలుపలికి పోయే ఏర్పాటున్న చోట చేయాలి.

ఒక హెచ్చరిక మాత్రం తప్పనిసరి. అవక్షేపాన్ని అమ్మోనియాలో కరిగించి చూచిన ద్రావణాన్ని అలాగే నిలవ ఉంచరాదు; అందులో ప్రేలుడు పదార్థం ఏర్పడే ప్రమాదముంది. వెంటనే సజల నత్రికామ్లంతో ఆమ్లీకరిస్తే తెల్లని అవక్షేపం తిరిగి వస్తుంది. దానినే సీసాలో చేర్చాలి.

సీసా కొన్నాళ్ళు వెలుతురులో ఉంటే తెల్లని పదార్థం ఊదారంగుకు తిరుగుతుంది. చెడిపోయిందనుకొని ఎవరైనా దానిని పారబోయగలరు. అది కాంతి వలన బయటపడిన వెండి యొక్క రంగే.