వంగిన వ్రేళ్లు

మహారోగము సోకినవారి వ్రేళ్లను ఆ రోగమే తినివేయునని మన యిండ్లలో నేటికిని అనుకొనుచుందురు. అది నిజము కాదు. కుష్ఠుక్రిమి ముందుగా నరములను చెఱచును. మోచేతివెనుక పోవు నరము చెడినచో చేతిలోని చిన్న కండరములు చచ్చుపడి, చిటికెనవ్రేలు, ఉంగరపువ్రేలు మొదలుగా వ్రేళ్లు వంగిపోవును. స్పర్శయు నశించును. అన్నపుగిన్నె కాలినను, ప్రత్తికాయ మొన గ్రుచ్చుకొన్నను తెలియదు. పుండు ముదిరి యెముక క్షీణింపగా వ్రేలు కురుచయగును. నొప్పి తెలియకపోవుటయే అసలు శత్రువు.

సుశ్రుతసంహితలో ఈ వ్యాధికి తువరక తైలము చెప్పబడినది. ఆ జాతి నూనెనే గతశతాబ్ది పూర్వార్ధమున వైద్యులు సూదిమందుగా నెక్కించిరి. మన ప్రాంతమున సాల్వేషన్ ఆర్మీవారు బాపట్లలో కుష్ఠువైద్యశాల నెలకొల్పిరి. సూదులు మిక్కిలి బాధాకరములు. ఎన్ని పొడిపించుకొన్నను వంగిన వ్రేలు చక్కబడదు. 1940లలో వచ్చిన సల్ఫోను మందులు క్రిములను చంపినవేగాని, అవియు వ్రేలిని నిలుపలేకపోయినవి. రోగము పోయినను పనికిరాని చేతితో భిక్షాటనమే గతియైనవా రెందఱో!

1946లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకు వచ్చిన డాక్టరు పాల్ బ్రాండు దీనికి శస్త్రమార్గము చూపెను. ముంజేతిలో బలము చెడని కండరపు స్నాయువును దారి మళ్లించి వ్రేళ్లకు కుట్టుట ఆ పద్ధతి. బావిలో ఒక గిలకమీది త్రాడును మఱొక గిలకకు మార్చినట్లన్నమాట. పిమ్మట కొన్నివారములు కట్టుతో నుంచి, వ్రేళ్లకు క్రొత్తగా పని నేర్పవలెను. ఆయనయొద్ద పనిచేసిన డాక్టరు మేరీ వర్గీసు 1954లో వాహనప్రమాదమున కాళ్లు చచ్చుపడినను, చక్రముల కుర్చీలో కూర్చుండియే ఇట్టి చేతులకు శస్త్రము చేసెను. 1972లో ఆమెకు పద్మశ్రీ లభించినది. కాలు కదలని స్త్రీ పరుల చేతులు కదలించినది!

అయితే శస్త్రము స్పర్శను తిరిగి తేలేదు. కావున అట్టివారు గుడ్డతోడనే గిన్నెను దింపవలెను. మిరపకాయలు తొడిమలు తీసిన సాయంత్రము చేతులను చూచుకొనవలెను. ప్రతిదినము చేతిని నీట నానబెట్టి, నూనె రాచి, రెండవచేతితో వ్రేళ్లను చాచుచుండవలెను. కీళ్లు బిగిసిపోయిన పిమ్మట శస్త్రము కష్టతరము.

అంతకంటె మేలైనది వ్రేలు వంగకమునుపే మేలుకొనుట. ఒంటిపై స్పర్శలేని పాలిపోయిన మచ్చ కానవచ్చిన వెంటనే ప్రభుత్వ వైద్యశాలకు పోవలెను. 1982నుండి ప్రపంచారోగ్యసంస్థవారు చెప్పుచున్న బహుళ ఔషధచికిత్స అచ్చట ఉచితము. ఆఱుమాసములో, పండ్రెండుమాసములో వాడిన చాలును. మందు మొదలిడిన స్వల్పకాలములోనే పరులకు అంటుటయు నిలిచిపోవును.

కాని మన స్త్రీలు మచ్చను పైటచెఱగు మాటున దాతురు. దాపఱికమునకు హేతువు భయమే. 1955నాటి హిందూ వివాహచట్టములో ఈ వ్యాధి విడాకులకు కారణముగా నుండెను. 2019లో దానిని తొలగించిరి. చట్టము విడిచినదానిని అత్తమామలు పట్టుకొని యుండరాదు. కోడలి మచ్చను చూచి గడప దాటింపక, ఆమెను తోడ్కొని వైద్యునికడకు నడచిన అత్తయే ఆ చేతిని నిలిపినది యగును.