పిల్లల ఎత్తుపండ్లు, తలపట్టీ వైద్యము



బిడ్డకు పైపండ్లు ముందునకు పొడుచుకొని వచ్చినచో తల్లికి కలుగు మొదటి చింత పెండ్లిని గూర్చి. బిడ్డకు కలుగు చింత బడిలో తోడివారి వెక్కిరింతను గూర్చి. రెండవదియే పెద్దదని నా యభిప్రాయము.

ఇట్టి బిడ్డలకు దంతవైద్యులు హెడ్‌గేర్ అను తలపట్టీని పెట్టుట కలదు. ఆరవయేట వచ్చు పైదవడపండ్లకు లోహపుకమ్మి తగిలించి, దాని కొనలను బుగ్గల వెలుపలనుండి మెడవెనుక పట్టీకిగాని నెత్తిమీది పట్టీకిగాని బిగింతురు. అమెరికాలో 1947లో సైలస్ క్లోయెన్ అను వైద్యుడు మెడపట్టీకి మరల ప్రచారము తెచ్చెను. దినమునకు 12, 14 గంటలు ధరింపవలెను గనుక రాత్రివేళయే దీనికి తగినది.

దీనిచే పైదవడపండ్లు వెనుకకు జరుగును. పైదవడ ముందునకు పెరుగుట కొంత మందగించును. ఆలోపల క్రిందిదవడ తనంత తాను పెరిగి పైదాని నందుకొనును. కిటుకంతయు నిదియే. అందుచేత పెరుగుదల ముగిసినవారికి ముఖము మారదు. మెడపట్టీ పండ్లను క్రిందికిగూడ లాగును గనుక కోలముఖము మరింత కోలయగును; అట్టి బిడ్డలకు నెత్తిపట్టీయే మేలు.

ఎప్పుడు పెట్టించవలెను? ఉత్తర కరోలినా విశ్వవిద్యాలయమువారు గత శతాబ్ది చివర బిడ్డలను చీటీలు వేసినట్లు జట్లుగా విభజించి పరీక్షించిరి. చిన్ననాటనే వైద్యము మొదలిడినవారికిని, యౌవనారంభమున చేయించుకొన్నవారికిని తుదకు పలువరుసలో చెప్పుకోదగిన భేదము కానరాలేదు. ముందుగా చేయించినవారిలో ముందుపండ్లకు దెబ్బలు తగులుట కొంత తగ్గునని తరువాతి పరిశీలనలు తేల్చినవి. కావున పడి పండ్లు విఱుగగొట్టుకొను దుడుకుబిడ్డయో, వెక్కిరింతలకు బడి మానుచున్న బిడ్డయో అయిననే తప్ప ఎనిమిదవయేట తొందరపడ నక్కఱలేదు. అట్లని ఆడుబిడ్డ విషయమున "పెద్దమనిషి కానిండు, చూతము" అనుటయు తగదు. పెరుగుదల ఉద్ధృతి సాధారణముగా రజస్వల యగుటకు ముందే వచ్చి పోవును.

ఇక అపాయము. ఆటలో తోటిపిల్ల కమ్మిని లాగి విడిచినచో అది వెనుకకెగిరి కంట గ్రుచ్చుకొనవచ్చును. నోటిలోని సూక్ష్మక్రిములు దానివెంట కంటిలో చేరి చూపు పోయినవారు కలరు. గట్టిగా లాగినంతనే ఊడిపోవు పట్టీనే యడుగుడు. ఆటలలో ధరింపనీయకుడు. తీయునపుడు పట్టీని ముందు విప్పి, ఆ తరువాతనే కమ్మిని తీయవలెను.

ఎముకలో చిన్నమరలు నాటు పద్ధతి వచ్చినందున ఈనాడు తలపట్టీ వాడుక తగ్గినది. వైద్యుడు దీనినే చెప్పినచో ఏలయని యడుగుటకు సంకోచింపకుడు. వ్రేలు చీకు అలవాటున్నచో ముందు దానిని మాన్పుడు. బిడ్డ నడురేయి పట్టీ తీసి దిండుక్రింద దాచినచో కోపపడక, ఎచ్చట నొప్పి పెట్టుచున్నదో యడిగి వైద్యునికి తెలుపుడు; ఆతడు సరిచేయును.