‘సీజ్ ద షిప్’ సరే.. యాంకరేజ్, బార్జ్, నాటికల్ మైలు అంటే ఏంటి?

2024 నవంబర్ 29న కాకినాడ తీరంలో స్టెల్లా ఎల్ షిప్‌ విషయంలో డిప్యూటీ సీఎం పవన్ కల్యాణ్ ‘సీజ్ ద షిప్’ అనడం వైరల్ అయింది. రేషన్ బియ్యం అక్రమ రవాణా వార్తల్లో తరచూ వినిపించే పదాలివి..

యాంకరేజ్: ఒడ్డు దగ్గర లోతు చాలక పెద్ద షిప్‌లు సముద్రంలోనే లంగరు వేసే చోటు.

బార్జ్: ఒడ్డు నుంచి సరుకును షిప్‌కు చేర్చే పడవ.

నాటికల్ మైలు: 1.852 కిలోమీటర్లు. తీరరేఖ నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు మన ప్రాదేశిక జలాలు. ఇక్కడ కోస్ట్ గార్డ్‌తో పాటు మెరైన్ పోలీసులూ గస్తీ తిరుగుతారు.

షిప్‌లో 1,320 టన్నుల రేషన్ బియ్యం ఉన్నట్టు అధికారులు తేల్చారు. అది దింపాక షిప్ వెళ్లిపోయింది. అంటే చివరకు ఆగింది సరుకే! మరి ఆ బియ్యం రోడ్లు, గోడౌన్లు దాటి బార్జ్ ఎక్కేదాకా ఎవరూ ఎందుకు ఆపలేదు? అసలు ప్రశ్న సముద్రంలో లేదు.. ఒడ్డునే ఉంది.